బొగ్గు కూర్చోలేదు

సొరంగపట్నంలో తెల్లవారదు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, నేలలో చాలా లోతున తవ్విన ఆ ఊళ్లో దీపాలు పెద్దవి చేస్తే ఉదయం, తగ్గిస్తే సాయంత్రం. దీపాలు పెద్దవైన కాసేపటికి వీధుల్లో కుక్కల గోళ్ల చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు ఆగకుండా సాగిపోతే జనం నిశ్చింతగా తిరగమోత వేసుకుంటారు. తమ గుమ్మం దగ్గర ఆగిందంటే మూటాముల్లె సర్దుకోవడమే.

ఊరి యంత్రాల వేడిని లాగేయడానికి గోడల వెనక గొట్టాల్లో అమ్మోనియా పారుతూ ఉంటుంది. గొట్టానికి సన్నని బీట వస్తే చాలు, వీధి మొత్తం ప్రమాదంలో పడుతుంది. వాటిని కనిపెట్టడానికి మొదట్లో బోలెడు సెన్సర్లు పెట్టారు. చంద్రధూళి మెత్తగా దూరి వాటి నోట్లో మట్టి కొట్టింది. చివరికి కుక్క ముక్కే నిలబడింది. ధూళి పడితే తుమ్మేసి మళ్లీ పని చేసుకునే పరికరం ఇంకొకటి చేయడం ఏ శాస్త్రజ్ఞుడికీ చేతకాలేదు.

కాత్యాయని భీమవరంలో రొయ్యల కోల్డ్ స్టోరేజీల పక్కన, అమ్మోనియా వాసన పీలుస్తూ పెరిగిన మనిషి. ఇక్కడ కుక్కలకు పని నేర్పుతూనే ఆమె జుట్టు నెరిసింది. ఆమె వెంట తిరిగే కుక్క బొగ్గు. పేరుకు తగ్గ నలుపే గానీ మూతి తెల్లబడింది. "వెతుకు నాన్నా" అంటే గోడ వెంట ముక్కు ఆనించుకుంటూ పోతాడు. వాసన తగిలితే అక్కడే కూర్చుంటాడు. అప్పుడామె శభాష్ అని, జేబులోంచి ఎండుచేప ముక్క తీసి పెడుతుంది. వాళ్లిద్దరి మధ్యా అంతకు మించి భాష అక్కర్లేకపోయింది.

ఆ ఏడాది భూమి నుంచి రావలసిన ఓడ రాలేదు. సెలవు మీద పోవలసిన వాళ్లు పోలేదు, బదులు మనుషులు దిగలేదు. ఉన్నవాళ్లే రెండు పూటలూ పని లాగుతున్నారు. బీట దొరికినప్పుడల్లా వీధి మూసి, కుటుంబాలను గోదాములోకి తరలించి, బాగుచేశాక మళ్లీ తేవాలి. ఏడో వీధి వాళ్లయితే ఈ మధ్యనే మూడోసారి ఇళ్లకు తిరిగొచ్చారు. ఊరంతటికీ అలసట ఒంటికి పట్టేసింది.

సరిగ్గా అప్పుడే ఊరి శాస్త్రజ్ఞుడు డాక్టర్ షకీల్ తన కొత్త యంత్రాన్ని బయటపెట్టాడు. పేరు మెప్పుటిక్కు. పూర్వం కుక్కల శిక్షకులు చేతిలో చిన్న క్లిక్కర్ పట్టుకునేవారు. కుక్క సరైన పని చేసిన క్షణాన దాన్ని నొక్కితే టిక్కుమనేది, ఆ వెనకే తిండి. అది ఆజ్ఞ కాదు, నాకు కావలసింది ఇదేనని చెప్పే గుర్తు. చిక్కంతా నొక్కే చేతితోనే. మెప్పు ఆలస్యమైతే కుక్క తప్పు నేర్చుకుంటుంది. కూర్చున్నాక అది చెవి గోక్కుంటున్నప్పుడు టిక్కుమందనుకోండి, ఇక జన్మంతా చెవి గోక్కుంటూనే ఉంటుంది. అందుకని షకీల్ అసలు చెయ్యినే తీసేశాడు. అతను చేసిన మెడపట్టీ కుక్క మెదడులో ఘ్రాణకేంద్రం మీద కన్నేసి ఉంటుంది. అమ్మోనియాను ముక్కు గుర్తుపట్టిన మరుక్షణం తనే టిక్కుమంటుంది.

"గొంతు పూటపూటకీ మారుతుందండీ. టిక్కు మారదు," అన్నాడు షకీల్.

ఊరి పెద్ద దండపాణి గారు పోటీ పెట్టారు. చుక్క అనే పడుచు కుక్క టిక్కుతో, బొగ్గు గొంతుతో పనిచేయాలి. వీధుల్లో అమ్మోనియా బుడ్లు దాచి పెడతారు. బొగ్గు మెడకూ పట్టీ ఉంటుంది గానీ దాని చప్పుడు ఆపేసి, పసిగట్టినవీ చెవినపడినవీ మాత్రం నమోదు చేయిస్తారు. ఓడిన పద్ధతి ఆగిపోతుంది, ఓడిన కుక్క ఓడ రాగానే భూమికి పోతుంది. బొగ్గు వయసుకి ఆ ప్రయాణం గుండె తట్టుకోదని పశువైద్యుడు ముందే చెప్పేశాడు. కాత్యాయని పైకి ఆ పట్టీని చూసి నవ్వింది గానీ, ఆ వారమంతా అన్నం సయించలేదు.

చుక్క ఒక్క బుడ్డీ వదల్లేదు. బొగ్గు ఉదయం పూట అన్నీ పట్టి, సాయంత్రం పూట చాలావాటిని దాటిపోయాడు.

కాత్యాయని బొగ్గును వెంటబెట్టుకుని షకీల్ గదికి వెళ్లి, స్టూలు మీద కూలబడింది. "వాడికి ముక్కు పోయిందా బాబూ?" అని అడిగింది.

"లేదండీ. దాచినవన్నీ పసిగట్టాడు. సాయంత్రాలు తెలిసే దాటిపోయాడు."

ఆమెకు బొగ్గు మీద ఒళ్లు మండింది. షకీల్ పట్టీలో నమోదైన ఆమె గొంతులు రెండు వినిపించాడు. రెంటిలోనూ మాట ఒకటే, వెతుకు నాన్నా. ఉదయం గొంతు మామూలుగానే ఉంది. సాయంత్రం గొంతు విని కాత్యాయని తల దించుకుంది. అది వెతకమని చెప్పడం లేదు. ఇవాళ్టికి ఏమీ దొరక్కుండా ఉంటే బాగుండును, ఇంటికి పోయి పడుకుంటాను అని బతిమాలుతోంది. బొగ్గు ఆమె మాట వినకపోవడం కాదు, మరీ ఎక్కువగా విన్నాడు. సిగ్గుతో ఆమెకు కళ్లు చెమర్చాయి.

తెర మీద బొగ్గు దాటిపోయిన చోట్లన్నీ వరసగా కనబడుతున్నాయి. చివరి దాని మీద ఆమె వేలు పెట్టింది. "ఏడో వీధి చివర, నిన్న సాయంత్రం. ఇక్కడ కూడా బుడ్డి పెట్టావా?"

షకీల్ చూసి చూసి, "అక్కడ మేమేం పెట్టలేదండీ," అన్నాడు.

ముగ్గురూ ఏడో వీధికి నడిచారు. అక్కడ జనం గుమ్మాలకు కాగితం తోరణాలు మళ్లీ కట్టుకున్నారు. ఒకావిడ గుమ్మం పక్కనే పొయ్యి పెట్టుకుని ఉప్మా కలుపుతోంది. వీధి చివర గోడ దగ్గర దండపాణి గారే ఎదురయ్యారు. కళ్లు లోపలికి పోయాయి, చొక్కా నలిగి ఉంది.

"మీరిటొచ్చారేంటి? ఇక్కడంతా బానే ఉందా?" అన్నారాయన.

కాత్యాయని ఉలిక్కిపడింది. ఆ బతిమాలే గొంతును ఆమె ఇందాకే విన్నది, షకీల్ గదిలో, తన నోటినుంచి.

"బానే ఉంది సార్. ఊరికే వచ్చాం," అన్నాడు షకీల్. "రేపు వీలు చూసుకుని చుక్కని ఓసారి తిప్పుతాం."

గొంతును నమ్మకూడదని యంత్రం చేసినవాడే అన్నాడా మాట. ఆమెకు అతని మీద కోపం రాలేదు. తన నాలిక చివర కూడా అవునండీ అన్న మాట సిద్ధంగా ఉంది మరి. అది అనేస్తే చాలు. ఏడో వీధి ఇవాళ్టికి ఉప్మా తింటుంది, దండపాణి గారు కాస్త నిద్రపోతారు, బొగ్గు నిన్న తెలిసే తప్పు చేశాడని ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెబితే మాత్రం, ఓడినా ముసలివాడని ఉండనివ్వమని అడిగే దారి కూడా మూసుకుపోయి, బొగ్గును ఓడ ఎక్కించడం ఖాయం.

నోరు తెరిస్తే అవునండీ అనే వస్తుందని ఆమెకు తెలిసిపోయింది. అందుకే నోరు తెరవలేదు. గోడ దగ్గరికి వెళ్లి, నెమ్మదిగా నేల మీద కూర్చుంది. చంద్రుడి మీద ఒళ్లు తేలికంటారు గానీ, ఆ సంగతి ఆమె మోకాళ్లకు తెలిసినట్టు లేదు.

గోడ పక్కన కూర్చోవడమంటే ఏమిటో ఆ ఊళ్లో పసివాళ్లకు కూడా తెలుసు. షకీల్ మొహం తిప్పుకున్నాడు. ఉప్మా కలుపుతున్న ఆవిడ ఎవరూ చెప్పకుండానే పొయ్యి ఆర్పి, పిల్లల్ని పిలిచింది.

"వీధి ఖాళీ చేయించండి," అన్నారు దండపాణి గారు.

బొగ్గు ఒకసారి ఆమె మొహంలోకి చూసి, గోడ వాసన చూసి, వచ్చి పక్కనే కూర్చున్నాడు. చప్పుడు ఆపేసిన పట్టీ టిక్కుమనలేదు. ఆ మెప్పు ఒక రోజు ఆలస్యమైపోయిందని తెలిసీ కాత్యాయని జేబులోంచి ఎండుచేప ముక్క తీసి వాడి నోటికి అందించింది.