తాళం పడిన గొంతు

కాకినాడ పునరుద్ధరణ కేంద్రం ఉదయం నుంచీ రద్దీగానే ఉంది. ఒకాయన కృత్రిమ హస్తం ఒళ్ళో కదలకుండా పడి ఉంది. దాన్ని నడిపే చిప్పు బిళ్ళ బాగుపడేదాకా భార్య ఆయనకు టీ తాగిస్తోంది. వాళ్ళ పక్కనే వకుళ కూర్చుంది. ఆమె మెడకున్న కంఠపట్టీలో బిళ్ళ లేదు.

గొంతులో కంతితో పాటు స్వరపేటికనూ తీసేసిన నాటి నుంచి వకుళ మాటంతా గోరంత స్వరబిళ్ళలోనే ఉంది. మెడ కండరాల కదలికను చదివి మాటగా మార్చే వ్యవస్థ అందులో నడుస్తుంది. నిన్న పిడుగు పడినప్పుడు, ఛార్జింగ్‌లో ఉన్న ఆ బిళ్ళ మూగబోయింది.

సాంకేతికుడు ఖాదర్ వలీ దాన్ని చాలాసేపు పరీక్షించాడు. స్వరదొంగలు బయల్దేరి, ఎత్తుకెళ్ళిన గొంతులతో ఆ మనుషుల ఇళ్ళకే ఫోన్లు చేసిన రోజుల తర్వాత, ప్రతి బిళ్ళనూ గుప్తీకరించాలని చట్టం వచ్చింది. సొంతదారు సంకేతపదం ఇస్తే ముందుగా బిళ్ళలో తాళంచెవి దాచి ఉన్న భాగం, తాళపుట, తెరుచుకుంటుంది. ఆ పుట ఉంటేనే మిగతాదంతా చదవడం వీలవుతుంది. తయారుచేసిన వాళ్ళకు కూడా వేరే దారి లేదు. పిడుగు సరిగ్గా ఆ పుటనే కాల్చేసింది.

"మీ గొంతంతా ఇందులోనే ఉందమ్మా, చెక్కు చెదరలేదు," అన్నాడతను కళ్ళెత్తకుండా. "కానీ బయటికి తియ్యడం ఇక ఎవరి వల్లా కాదు."

భర్త సోమశేఖరం ఇంటికెళ్ళి ఆ బిళ్ళకు ఎప్పుడో తీసి ఉంచిన పాత నకలు తెచ్చాడు. అది కూతురు నీహార పుట్టకముందు తీసింది. కొత్తది తీయాలంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్వరబిళ్ళను ఈ కేంద్రంలోని యంత్రంలో వదిలెయ్యాలి. నాలుగేళ్ళ నీహారకు పుట్టుకతోనే చూపు లేదు. పదేళ్ళు నిండితే గానీ దానికి చికిత్స చెయ్యరు. తల్లి మాట కాసేపు వినపడకపోతే ఇల్లంతా తడుముకుంటూ వెతికే పిల్ల దగ్గర రోజంతా మౌనంగా ఉండడానికి వకుళకు ఎప్పుడూ మనసొప్పలేదు.

పాత సంకేతపదం ఆమెకు గుర్తుంది. నకలు తెరుచుకుంది. వ్యవస్థ ఒక్క లోపం లేకుండా కొత్త బిళ్ళలోకి దిగింది. మాట్లాడి చూడమన్నాడు ఖాదర్ వలీ.

"వినిపిస్తోందా?" అంది వకుళ.

స్పష్టమైన, నున్నని గొంతు. రైల్వే స్టేషనులో ప్రకటనలు చదివే గొంతులా ఉంది. తమ ఊరి యాసలోని సాగదీత లేదు, మాట చివర తొణికే నవ్వూ లేదు. అవన్నీ పిల్లకు కబుర్లు చెబుతూ, జోల పాడుతూ గడిచిన ఏళ్ళలో ఆ కాలిన బిళ్ళ నేర్చుకున్నవి. ఈ కొత్త బిళ్ళ కూడా మెల్లగా నేర్చుకుంటుందని, కాకపోతే మళ్ళీ ఏళ్ళు పడుతుందని ఖాదర్ వలీ చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి నీహార పక్కింటామె దగ్గర ఆడుకుంటోంది. వకుళ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నీహారా, నేను అమ్మని."

పిల్ల వెనక్కి జరిగింది. వకుళ చేతులు చాచి ఆ చిన్న చేతుల్ని అందుకుంది. నీహార ఆ వేళ్ళనీ, గాజుల్నీ తడిమి చూసింది. గుర్తుపట్టింది. అయినా ముఖంలో ఊరట రాలేదు, భయం ఇంకా పెరిగింది.

"మా అమ్మ చేతులు మీరెందుకు పెట్టుకున్నారు?" అని అడిగింది.

వకుళ జోలపాట అందుకుంది. ఆ నున్నని గొంతులో తన పాట వినేసరికి పిల్ల చెవులు మూసుకుని ఏడవసాగింది. సోమశేఖరం ఎత్తుకుని ఎన్ని విధాల చెప్పినా వినలేదు. అమ్మను తీసుకురమ్మని అతని చొక్కా పట్టుకుని గుంజింది.

వకుళ పాట ఆపేసింది. కంఠపట్టీలోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, గోడకు చేరగిలి కూర్చుంది. చాలాసేపటికి పిల్ల వెక్కిళ్ళు తగ్గాయి. నీహార తండ్రి చంక దిగి, తడుముకుంటూ వచ్చి ఆమె ఒళ్ళోకెక్కింది. మెడ మీద ముఖం ఆనించి వాసన చూసుకుంది. ఒళ్ళంతా సడలించి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఆవిడ వెళ్ళిపోయిందమ్మా," అంది రహస్యంగా. "ఇంక నువ్వు మాట్లాడు."