విడుపు లేని పొడుపు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కారుమేఘాలు కమ్మి కొల్లేటి లంకమీద చీకటి పేరుకుంది. పట్టపగలే గుడ్లగూబ కూసింది. చేపల చెరువులో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి...

గట్టుమీది కావలిపాకలో సుబ్బాయమ్మ కూతురు వైష్ణవిని గుండెకదుముకుని కూర్చుంది. వట్లూరు కాలేజీలో చదివే బిడ్డ! ఆ కోమలకంఠం నుండి ఇప్పుడు ముదుసలి మగవాడి వికటాట్టహాసం! ఆమెమీదికి భూతాన్ని ఉసిగొల్పిన తాడేపల్లిగూడెం క్షుద్రోపాసకుడు పాండురంగారావు ఎదుటనే కూర్చున్నాడు. వాడి ముందు కుంకుమ పులిమిన కపాలం!

"మూడు పొడుపులే, సుబ్బాయమ్మా! అన్నీ విప్పితే పిల్ల నీది. ఓడానని కన్నతల్లి నోరు పలికిందా... దీని ప్రాణం నా పుర్రెలోకి!"

"అడగండి బాబూ..."

"పుట్టినచోట తీపి, చేరేచోట ఉప్పు. కాళ్ళు లేని నడక. ఏది?"

"ఏరండీ!"

"ఒళ్ళంతా కళ్ళే, చూపు లేదు. నీట మునిగినా దాహం తీరదు."

"వలండీ! రోజూ కుట్టుకునేదే కదండీ, అదేం ప్రశ్న?"

మాంత్రికుడి కళ్ళు ఎర్రబడ్డాయి. "అయితే ఇది విప్పవే! నిప్పులో ఈదేది, నీటిలో కాలేది, నీడకు నీడనిచ్చేది... ఏది?"

పిడుగు పడింది! మెరుపా? చేపా? చందమామా? ఏదీ అతకదే! వైష్ణవి దేహం కొయ్యబారింది, పెదవులు నీలమయ్యాయి. ఆ తల్లి మనసు దిక్కులన్నీ వెదికి వెదికి అలసి కూలింది.

"ఓడానండీ..."

కపాలనేత్రాలలో నిప్పులు రగిలాయి! బిడ్డ ఊపిరి ఆగింది!

"ఓడాను. ఇక విప్పండి!" అని రోదించింది సుబ్బాయమ్మ.

కొల్లేటి పడవలమీద పొడుపులకు ఒకటే కట్టుబాటు. ఎదుటివాడు ఓడానన్నాక పొడిచినవాడు విడుపు చెప్పాలి. చెప్పలేకపోతే ఓటమి వాడిదే! గెలిచే తొందరలో విడుపే లేని పొడుపు అల్లిన ఆ పైఊరివాడికి ఈ సంగతి తెలియదు.

"విడుపా... దానికి... దానికి..."

"చెప్పండి! మన కొల్లేటి దేవత పెద్దింట్లమ్మ వింటోంది!"

సరస్సు గర్భంనుండి ఘంటానాదంవంటి ఘోష లేచింది! జలదేవత మహాతేజం పాకను నింపింది. కపాలం పగిలి వేయి ముక్కలైంది! నిలువనీడ కోల్పోయిన భూతం వైష్ణవిని వదిలి యజమానిమీదికే లంఘించింది. "ఏది? చెప్పు, ఏది?" అని వాడి గొంతుతోనే వాడిని అడుగుతూ నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది... పైన గుర్రపుడెక్క మొక్కల తెప్ప మూసుకుంది.

వైష్ణవి కళ్ళు తెరిచింది.

"అమ్మా... ఎవరో ఏదో అడిగారే. నాకు తెలీలేదు."

"నాకూ తెలీలేదే, నా తల్లీ!" అంటూ సుబ్బాయమ్మ బిడ్డను హత్తుకుని భోరుమంది.