నలభై అయిదు నిమిషాల దారి

“రేపటి నుంచి నువ్వు గూఢచారివి కాదు, గైడ్‌బుక్ రచయితవి,” అన్నాడు చీఫ్, బల్ల మీదికి ఒక పుస్తకం తోస్తూ.

అట్ట మీద నీలి సముద్రం, వెనక పచ్చటి కొండ, పైన చిన్న విమానం. ‘ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరంలో: సముద్రతీర రిసార్టులు, కొండపల్లెలు’ అని పేరు. అట్ట తప్ప లోపలంతా తెల్లకాయితాలే.

“ఎందుకు సార్?”

“వచ్చే నెల తొమ్మిదిన శాంతి చర్చల ప్రతినిధులు దిగుతున్నారు. పన్నెండింటికి వీఐపీ లాంజ్‌లో ఉంటారు. వాళ్ళను అక్కడే లేపెయ్యాలని ఒక విదేశీ ముఠా ప్లాను వేసింది. బాంబు పెట్టె వస్తుందని తెలుసు. ఎక్కణ్ణించో తెలీదు.”

“అనుమానం?”

“ఏడు రిసార్టులు, నాలుగు కొండపల్లెలు. వీటిలో ఒకచోట నక్కి ఉన్నారు. అన్నిచోట్లా దిగు. తిను, పడుకో, దూరాలు కొలువు.”

ఏజెంటును ఆఫీసులో అందరూ టైంటేబుల్ అంటారు. గూఢచారి కనక రోజుకు ఇరవై అబద్ధాలు అలవోకగా ఆడతాడు గానీ, అంకెల దగ్గర మాత్రం నోరు తిరగదు. పదకొండుకు మూడు నిమిషాలుంటే, తల తీసేస్తామన్నా పదకొండయిందని అనడు. చీఫ్ అతని మెడలో ఒక స్టాప్‌వాచ్ వేశాడు. దాని మీది బొడిపె లాగితే లోపలి నుంచి జానెడు రంపపు తీగె వస్తుంది.

“నీతో ఒక ఫొటోగ్రాఫర్ వస్తుంది.”

“మనమ్మాయేనా?”

“మనమ్మాయే. వాళ్ళమ్మాయి కూడా. ఎవరికి ఎక్కువో నాకూ తెలీదు. తేల్చుకోవాలనిపిస్తే ‘గొడుగు తెచ్చావా?’ అని అడుగు. మనమనిషయితే ‘ఇద్దరికీ సరిపోతుంది’ అంటుంది.”

“వేరేది అంటే?”

“అప్పుడు నువ్వు తడుస్తావు,” అన్నాడు చీఫ్.

ఫొటోగ్రాఫర్ నల్ల కళ్ళద్దాలతో, ఎర్ర స్కార్ఫుతో దిగింది. ఆమె ఎక్కడ అడుగుపెడితే అక్కడ వెయిటర్లు తుడిచిన ప్లేట్లే మళ్ళీ తుడిచేవారు. ఇద్దరూ మూడు వారాలు తిరిగారు. ఆమె క్లిక్కుమనిపిస్తే, అతను స్టాప్‌వాచ్ నొక్కేవాడు. ఇసకలో తలదాచుకునే అనుమానాస్పదులెవరూ కనబడలేదు గానీ, ఆ వ్యాపారం ఆనుపానులు మాత్రం బాగా ఒంటబట్టాయి. ఏ రిసార్టుకు ఆ రిసార్టు ఎయిర్‌పోర్టును తన ప్రహరీగోడ దాకా లాక్కొచ్చేసింది. గంటంబావు దూరాన్ని అరగంట అని బోర్డు రాసుకున్నారు. అక్కడివాళ్ళెవరూ ఆ బోర్డులు నమ్మరు. చెప్పినదానికి సగం కలుపుకుని బయల్దేరతారు.

చివరి కొండపల్లెలో లాడ్జి నడిపే అక్క మాత్రం అతని పాలిట గట్టి పరీక్ష అయింది.

“కిందికి ఎంతసేపు పట్టింది తమ్ముడూ?”

“డెబ్బై నిమిషాలు. అందులో రైల్వే గేటు దగ్గరే పదిహేను.”

“డెబ్బై అని రాస్తే మా గడప ఎవడు తొక్కుతాడు? నలభై అయిదు వెయ్యి. గేటు ఊసెత్తకు. ఆ క్వారీ గుంట ఉంది చూడు గేటు పక్కన, దాన్ని సరస్సనెయ్యి. నీ సొమ్మేం పోయింది?”

“తప్పక్కా. అంకె అంకే.”

అక్క మళ్ళీ వడ్డించింది. మూడోసారి వడ్డించేటప్పటికి టైంటేబుల్ కలం తీశాడు. జీవితంలో మొదటిసారి ఒక అంకెను అబద్ధం రాశాడు. మొదటిదే కష్టం. ఆ తర్వాత క్వారీ గుంట ‘ప్రశాంత సరస్సు’ అయింది. గేటు దగ్గర్నుంచి సముద్రానికి పోయే బురదబాట ‘పది నిమిషాల ఆహ్లాదకరమైన నడక’ అయింది. ఫొటోగ్రాఫర్ పగలబడి నవ్వి, రాళ్ళు కొట్టిన గుర్తులు కనబడకుండా ఆ గుంటను ఫొటో తీసింది.

ఏడో తారీఖున పుస్తకం అచ్చయి లాడ్జీలన్నిటికీ చేరింది. అచ్చులో ఆ నలభై అయిదును చూసుకుని అతను రెండు రోజులు సరిగ్గా తినలేదు.

తొమ్మిదో తారీఖు పొద్దున అక్క కూరగాయలకు వెళ్ళింది. మేడ మీది మూలగదిలోంచి టంకం వాసన వచ్చింది. పక్షుల మీద పరిశోధన అని పది రోజులుగా తలుపేసుకుని కూర్చున్న కళ్ళజోడు పెద్దమనిషి గది అది. ఆయన కిందికి దిగడం చూసి టైంటేబుల్ తాళం తీసి లోపలికి దూరాడు. మంచం మీద కెమెరా సామాను పెట్టుకునే పెద్ద రేకుపెట్టె. మూత అతుకేసి ఉంది. మూతలో పొదిగిన గడియారం ముల్లు పన్నెండు వైపు నడుస్తోంది.

వీపుకు చల్లగా ఏదో తగిలింది. తిరిగితే ఫొటోగ్రాఫర్. చేతిలో పిస్తోలు. ఆమె వెనక కళ్ళజోడు, ఆయన వెనక గుమ్మమంతా నిండి మొద్దులాంటి డ్రైవర్.

“గొడుగు తెచ్చావా?” అన్నాడు టైంటేబుల్.

“చేతులు పైకెత్తు,” అంది ఆమె.

అంతే. మూడు వారాలు ఒకే కారులో తిరిగి, ఒకే సీసాలో నీళ్ళు తాగిన మనిషి. అతనికి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి టైము లేదు.

పది యాభైకి వ్యాను కదిలింది. వెనక భాగంలో అతను, చేతులు కట్టేసి. ఎదురుగా ఫొటోగ్రాఫర్, కళ్ళజోడు. మధ్యలో పెట్టె. ముందు మొద్దు స్టీరింగు పట్టుకున్నాడు. క్యాబిన్‌కూ వీళ్ళకూ నడుమ ఇనప జాలీ. ఒళ్ళంతా తడిమి అన్నీ లాక్కున్నారు. మెడలో స్టాప్‌వాచ్ మాత్రం వదిలేశారు.

“అది ఉండాలి,” అన్నాడు కళ్ళజోడు. “లాంజ్‌లో నీ ముక్కలు ఏరినప్పుడు గైడ్‌బుక్ రాసేవాడని తెలియాలిగా. బాంబు పెట్టింది మీ దేశపువాడే అని లోకమంతా అనుకోవాలి. ఈ అమ్మాయికి ప్రెస్ పాస్ ఉంది. నిన్నూ పెట్టెనూ లోపల దించి వస్తుంది.”

“ఆపొచ్చా దాన్ని?”

“అతుకేశాక నేనూ ఆపలేను. ఆపాల్సిన పనేముంది? పదకొండూ ముప్పై అయిదుకల్లా ఎయిర్‌పోర్టులో ఉంటాం.” ఆయన జేబులోంచి పుస్తకం తీశాడు. “నలభై ఏడో పేజీ. నలభై అయిదు నిమిషాలు. దారిలో ఎవర్నీ ఏమీ అడగక్కర్లేకుండా భలే రాశావు. మేం పడవలో వచ్చి రోప్‌వేలో కొండెక్కినవాళ్ళం. ఈ రోడ్డు మాకు కొత్త.”

టైంటేబుల్ మనసులో లెక్క వేశాడు. పది యాభైకి డెబ్బై కలిపితే సరిగ్గా పన్నెండు.

చెప్పేస్తే? దారి డెబ్బై నిమిషాలని చెప్పేస్తే, కళ్ళజోడు వెనక్కి తిప్పించి రోప్‌వేలో గబగబా దిగి, కింద టాక్సీ పట్టుకుంటాడు. పెట్టె లాంజ్‌కు చేరుతుంది. చెప్పకపోతే దారిలోనే పేలుతుంది, తన ఒళ్ళోనే. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. అయితే చెప్పడానికి ఇంకో మనిషి ఉంది. ఆ రోడ్డును అతనితో పాటు నాలుగుసార్లు కొలిచిన మనిషి.

వ్యాను మూడో మలుపులో మూలిగింది. కళ్ళజోడు వాచీ చూసుకుని ఆమె వైపు తిరిగాడు.

“నువ్వు తిరిగావుగా ఈ దారిలో. ఎంతసేపు?”

ఆమె స్కార్ఫు సవరించుకుంది.

“నలభై అయిదు,” అంది. “పుస్తకంలో ఉందిగా.”

అతను తలెత్తి చూశాడు. నల్ల కళ్ళద్దాల వెనక ఏముందో కనబడలేదు. కానీ అర్థమైంది. ఆమె కూడా ఇదే వ్యానులో కూర్చుంది.

“ఏమంటావు రచయితా?” అన్నాడు కళ్ళజోడు.

“నలభై అయిదే,” అన్నాడు టైంటేబుల్. ఈసారి నోరు చక్కగా తిరిగింది.

పదకొండూ ముప్పై అయిదు దాటింది. ఎయిర్‌పోర్టు లేదు, ఇంకా కొండే ఉంది. కళ్ళజోడు పేజీ తిప్పి తిప్పి చూస్తున్నాడు. పదకొండూ నలభైకి కొండ దిగేసరికి ఎదురుగా రైల్వే గేటు, పడి ఉంది. ముందు టూరిస్టు బస్సు, కిటికీల నిండా పిల్లలు. వెనక పాల లారీ వచ్చి బంపరుకు బంపరు ఆనించి ఆగింది. ఎడం వైపు క్వారీ గుంట, కుడి వైపు బురద. ముందుకూ వెనక్కూ కదలిక లేదు.

“గేటు సంగతి పుస్తకంలో లేదే!”

“రెండో ముద్రణలో వేద్దామనుకున్నాను,” అన్నాడు టైంటేబుల్.

వ్యానులో ఉక్క. కళ్ళజోడు నుదుటి మీది చెమట ముక్కు మీదుగా పేజీ మీద పడింది. పదకొండూ యాభైకి ఆయన లేచి వెనక తలుపు తీశాడు. ఫొటోగ్రాఫర్ కూడా లేచింది.

“నువ్వు కూర్చో,” అన్నాడు ఆమె పిస్తోలు లాక్కుంటూ. “పుస్తకం రాసింది వాడు. నలభై అయిదని నాకు నోటితో చెప్పింది నువ్వు.”

తుపాకీ పేలిస్తే జనం చేరతారు, తాళమేస్తే ఎవరూ చూడరు. తలుపు దభీమని పడింది. బయట తాళం వేసిన చప్పుడు. కళ్ళజోడూ మొద్దూ పుస్తకంలోని నడకదారి పట్టి సముద్రం వైపు పరుగెత్తారు. అదే సమయంలో గూడ్సు బండి వచ్చింది.

“బొడిపె లాగు,” అన్నాడు టైంటేబుల్. ఆమె తీగె లాగి అతని కట్లు కోసింది. ఇద్దరూ తలుపును తన్నారు, గుద్దారు, అరిచారు. యాభై ఎనిమిది పెట్టెల గూడ్సు ముందు వాళ్ళ అరుపు ఏ మూలకు? జాలీలోంచి చెయ్యి దూర్చి ఆమె హారన్ నొక్కింది. గేటు దగ్గర హారన్ ఎవడు పట్టించుకుంటాడు? అందరూ అదే కొడుతున్నారు.

“నన్నెందుకు పట్టిచ్చావు?”

“పట్టివ్వకపోతే పెట్టెను నా చేతికి ఇచ్చేవాళ్ళు కాదు.” “రోప్‌వే వైపు పోకుండా చూడటం ఒక్కటే నాకు తోచింది. ఆ తర్వాత ఏంటో ఆలోచించలేదు. నాకు భయంగా ఉంది.”

“నాకూ,” అన్నాడు అతను.

పదకొండూ యాభై అయిదు. చివరి పెట్టె దాటింది. ఒక్కసారిగా నిశ్శబ్దం.

“బాబాయ్! గేటు బాబాయ్!”

ఈ దారి కొలిచినప్పుడల్లా బండెప్పుడు, గేటెప్పుడు అని ప్రాణం తీసిన గొంతు. గేటు మనిషి విసుక్కుంటూ, గేటు ఎత్తే ఇనప హ్యాండిలుతోనే వచ్చాడు.

“ఇవాళ కూడా టైమేనా? నన్ను బతకనివ్వవా?”

“ఇవాళ నేనే చెబుతున్నా బాబాయ్. నాలుగు నిమిషాలుంది. లోపల బాంబు. తాళం పగలగొట్టు!”

గేటు మనిషి మూడు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకు తాళం ఊడింది. ముగ్గురూ తలో కొస పట్టి పెట్టెను దింపారు. నలభై కిలోలు. బస్సు కిటికీల్లోంచి పిల్లలు టాటా చెబుతున్నారు. గుంట ఒడ్డుకు ముప్పై అడుగులు. ఆమె చెప్పు తెగింది, ఆగలేదు. పదకొండూ యాభై తొమ్మిది దాటింది. పెట్టె ఒడ్డు మీద రాయికి తట్టుకుని ఆగిపోయింది. ముగ్గురూ భుజాలు ఆనించి తోశారు. అది బుడుంగున మునిగింది.

“పడుకోండి!”

భూమి అదిరింది. అరవై అడుగుల లోతు నీళ్ళు తాడిచెట్టంత లేచి, రోడ్డు మీద జడివానలా కురిశాయి. బస్సులో పిల్లలు చప్పట్లు కొట్టారు.

టైంటేబుల్ తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయి, పక్కకు తిరిగాడు.

“గొడుగు తెచ్చావా?”

ఫొటోగ్రాఫర్ ఎర్ర స్కార్ఫు విప్పి ఇద్దరి తలల మీదా కప్పింది. “ఇద్దరికీ సరిపోతుంది,” అంది.

సాయంత్రం చీఫ్ గదిలో పుస్తకం బల్ల మీదే ఉంది, బురద కొట్టుకుని. కళ్ళజోడునూ మొద్దునూ ‘పది నిమిషాల ఆహ్లాదకరమైన నడక’లోంచి తాళ్ళు వేసి లాగాల్సి వచ్చిందట. మోకాళ్ళ లోతు బురదలో, పేజీ తెరిచి పట్టుకునే ఉన్నాడట పెద్దమనిషి. ప్రతినిధులు మాత్రం టీ తాగి, ఏదో చప్పుడైందే అనుకుని చర్చలకు వెళ్ళిపోయారు.

“అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు,” అన్నాడు చీఫ్. “నీది బాగానే అతికింది.”

టైంటేబుల్ తలొంచుకున్నాడు. “రెండో ముద్రణలో అన్నీ దిద్దేస్తాను సార్.”

“అక్కర్లేదు, అక్క బతకాలి. ఒక్క మార్పు చాలు.” చీఫ్ నలభై ఏడో పేజీ తిప్పి, ఫొటో కింద వేలు పెట్టాడు. “ఈ సరస్సు ముందు ‘ప్రశాంత’ అనే మాట తీసెయ్.”