పగిలే అద్దం

ప్రభుదాసు ఇనుపరాడ్డుతో కారు ముందద్దాన్ని మళ్లీ బాదాడు. అద్దం నిలువునా బీటలువారి, రెప్పపాటులో యథాప్రకారం అతుక్కుపోయింది. లోపల అతని భార్య సలోమి, నెలలు నిండిన మనిషి, కడుపు పట్టుకుని అరుస్తోంది.

కొబ్బరిబోండాం కోసమని అతను ఆటోనగర్‌లో దిగిన నిమిషంలోనే కారుని నడిపే కంప్యూటరు బుర్ర కాలిపోయింది. తలుపులు బిగుసుకున్నాయి, ఏసీ ఆగింది. బయటేమో మే నెల ఎండ! కంపెనీవాళ్లు ఎక్కడో దారిలో ఉన్నారట.

జీవగాజు వచ్చాక అద్దాలు పగలడం మానేశాయి. స్మృతిరేకు వచ్చాక సొట్టలు వాటంతటవే లేస్తున్నాయి. ఇక అద్దాల మేస్త్రీ నాగూర్‌బీకి ఈగలు తోలుకోవడం తప్ప పనేముంది? కేకలు విని కొట్లోంచి ఒక్క ఉరుకున వచ్చింది. చేతిలో కన్నాలు పొడిచే ఆర, ఉక్కుతీగ.

“కొట్టమాక నాయనా! అది పగిలేది కాదు, ఊడబెరకాల. గాజుకి ప్రాణం పోశారు గానీ, దాన్ని అతికించిన జిగురుకి పొయ్యలేదుగా!”

మూలన జిగురులోకి ఆర దించి, ఆ కన్నంలోంచి తీగ లోపలికి తోసింది. తీగతో జిగురు కొయ్యాలంటే రంపం లాగినట్టు లోపలొకరు, బయటొకరు లాగాలి. లోపలున్నది సలోమి ఒక్కతే.

“తల్లీ, చెయ్యి కోసుకోకుండా తీగ కొస నీ చెప్పుకి చుట్టి పట్టుకో. నేను వదిలినప్పుడు నువ్వు లాగు.”

“నావల్ల కాదక్కా! నొప్పులొస్తున్నాయి!”

“రానీ! నొప్పొచ్చినప్పుడే లాగు. ఆ కసంతా తీగ మీద చూపించు!”

సలోమి పళ్లు బిగించి లాగింది. జానెడు జిగురు తెగింది! నాగూర్‌బీ లాగింది, సలోమి లాగింది. చుట్టూ చేరిన జనం “లాగమ్మా, లాగు!” అని ఒకటే గోల. ప్రభుదాసు ఏడుస్తూనే అద్దాన్ని పట్టుకున్నాడు. చివరి మూల తెగ్గానే అద్దం మొత్తం అతని చేతుల్లోకి వచ్చేసింది. సలోమిని ఎత్తి కొట్లో దుప్పటి మీద పడుకోబెట్టారు. అంబులెన్సు వచ్చేలోపే ఆడపిల్ల కేరుమంది. నాగూర్‌బీ ఆనందం పట్టలేక పక్కకొట్టు ముసలమ్మను వాటేసుకుంది.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి వీధి మలుపుదాకా కార్లు. ముందున్న పెద్దాయన కొత్తకారు దిగి అడిగాడు.

“అమ్మాయ్, పాతరకం అద్దాలున్నాయా?”

“ఉన్నాయి బాబాయ్. కానీ అయి పగులుతాయి.”

“పగలాలనేగా వచ్చింది! రాయి పెట్టి కొడితే పగిలిద్దని గ్యారంటీ ఇస్తావా?”

ఇన్నేళ్ల పనిలో అలాంటి గ్యారంటీ ఆమెను ఎవరూ అడగలేదు. నాగూర్‌బీ పకపకా నవ్వేసింది.

“ఇస్తా బాబాయ్. ఒక్క దెబ్బకే!”