మిరుగు నాటి వంజరం

"రక్తం పక్కన పెరుగు పెట్టిందెవలు?"

హనుమకొండలో ఆ ప్రైవేటు దవాఖానలో గ్రేస్, మల్లికార్జున్‌తో అన్న మొదటి మాట అది. ఆమె ల్యాబ్ టెక్నీషియన్, అతను ఎక్స్‌రే టెక్నీషియన్. శాంపిళ్లు పెట్టే ఫ్రిజ్ తెరిస్తే స్టీలు డబ్బా కనబడింది. మూత తీస్తే పెరుగన్నం, దాని మీద దానిమ్మ గింజలు.

"నేనే మేడం. ఎక్స్‌రే రూముల వేడికి పులుస్తాంది."

"పులిస్తే పులవనీ. రేపు ఎవలదన్న రిపోర్టుల దానిమ్మ గింజలు వస్తే సంతకం నువ్వు పెడ్తవా?"

"పెడ్త. మీ పక్కన కుర్చీ ఏస్తే."

ఆమె డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి పళ్లు బిగించింది. అది అతను చూశాడు. అక్కడే చెడింది. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒకే ఆటోలో కాజీపేట దాకా పోవడం, గొడుగు ఉండి కూడా తడవడం అలవాటైంది.

మల్లికార్జున్ తల్లి సమ్మమ్మ రఘునాథపల్లిలో ఉంటుంది. కొడుకు సంగతి చెబితే రెండే ప్రశ్నలు వేసింది. పిల్ల నౌకరీ చేస్తదా, కోపం ఎక్కువనా? రెండింటికీ అవునన్నాడు. అయితే నిన్ను బాగు చేస్తది, చేసుకో అంది.

చిక్కంతా గ్రేస్ తండ్రి దగ్గరే.

దేవదానం రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనాడు. పట్టాల మీద ఆయనతో కలిసి చెమటోడ్చినవాళ్లు ఇంటికి వస్తే గడప బయటే కూర్చునేవాళ్లు. భార్య రాహేలు మంచినీళ్లు తెస్తే ఇప్పుడే తాగినమనేవాళ్లు. అన్నం పెడతానంటే ఇప్పుడే తినొచ్చినమనేవాళ్లు. ఒక్కరు కూడా కులం పేరెత్తలేదు. అంత మర్యాదస్తులు. ఆ మర్యాదను దేవదానం ఇప్పటికీ క్షమించలేదు. క్షమించమని ఆయన రోజూ చదివే బైబిల్‌లో ఉంది. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు పనిచేయవు.

కూతురు చెప్పిందంతా విని ఆయన ఒకే మాట అన్నాడు.

"సోమారం మిరుగు. ఆ పిలగాన్ని రమ్మను. మనింట్ల తిననీ. తిన్నంక మాట్లాడుదాం."

మృగశిర కార్తె మొదలయ్యే రోజు వరంగల్ చుట్టుపక్కల చేప ఉడకని ఇల్లు తక్కువ. ఆ రోజు చేప తినకపోతే వానాకాలమంతా ఒళ్లు బాగుండదని నమ్మకం. ఆ రోజునే తండ్రి ఎందుకు ఎంచాడో గ్రేస్‌కు తెలుసు. మల్లికార్జున్‌కు మాత్రం చెప్పలేదు. చెప్పి తినిపిస్తే అది పరీక్ష పేపరు ముందే ఇచ్చినట్టు. అతనంతట అతనే తినాలి.

"సోమారమే రావాల్నా?" అన్నాడతను ఫోన్‌లో.

"ఏం, సోమారం నీకు పెద్ద మీటింగున్నదా?"

"ఏం లేదు. వస్త."

ఆ "ఏం లేదు" ముందు అతను ఒక క్షణం ఆగాడు. గ్రేస్ పట్టించుకోలేదు.

సోమవారం డ్యూటీ దిగి చేపల మార్కెట్‌కు పోతే, అక్కడ జాతర జరుగుతోంది. కొర్రమీను అయిపోయింది. రవ్వ చేప అయిపోయింది. ఐస్ పెట్టెలో సముద్రం చేపలు మాత్రం ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉన్నాయి. వంజరం ముక్కలు, దోసెడు రొయ్యలు పట్టుకుని ఇంటికి ఉరికింది.

రాహేలు సంచి వాసన చూసింది.

"సముద్రందా? చింతపండు నానబెడ్తున్న ఆగు."

"పులుసు కాదమ్మా. ఓవెన్ల పెడ్త."

"పులుసు లేని చేప ఏం చేపనే? దవాఖానల పేషెంటుకు పెడ్తానవా?"

"వీడియోల చూసిన. ఒక్క ట్రే. అన్నీ అండ్లనే. నువ్వు జర పక్కకు జరుగు."

ఓవెన్ కొన్నది ఆమె. కొన్న నాటి నుంచి అందులో ఉన్నది రాహేలు దాచుకున్న పాత పేపర్లు, ప్లాస్టిక్ మూతలు. వాటిని తీసి మంచం కిందికి నెట్టింది. ఆలుగడ్డలు బిళ్లలుగా కోసి, నూనె, ఉప్పు, కారం పట్టించి ముందు వాటిని లోపల పెట్టింది. అవి సగం మెత్తబడ్డాక టమాటా, క్యాప్సికం, దంచిన ఎల్లిపాయ. వాటి మీద నిమ్మరసం, మిరియాలు, వెన్న పూసిన వంజరం ముక్కలు. సందుల్లో రొయ్యలు. కడగాల్సిన గిన్నె ఒక్కటే. చూడడానికి ముచ్చటగా ఉంది.

రెండు నిమిషాలకోసారి తలుపు తీసి చూసింది.

"ఊకె తలుపు తీస్తే వేడెట్ల నిలుస్తదే? అది ఓవెనా, పోస్టు డబ్బానా?"

"ఉడుకుతాందో లేదో చూడొద్దా?"

"ఆ పిలగాడు వస్తాండో లేదో చూసుడు గిది. నాకు తెల్వదా."

మబ్బు పట్టింది. గాలి లేచింది. కరెంటు పోయింది.

ఓవెన్‌లో ఎర్ర వెలుగు ఆరిపోయింది. గ్రేస్ చీకట్లో ట్రే ముందు నిలబడి కరెంటోళ్లను, మబ్బును, మల్లికార్జున్‌ను వరసగా తిట్టింది. కిటికీ దగ్గరికి పోయింది. వంటింట్లోకి వచ్చింది. మళ్లీ కిటికీ. తండ్రి ముందుగదిలో కుర్చీ కదపకుండా కూర్చున్నాడు. ఆయన నిమ్మళంగా ఉన్నకొద్దీ ఆమెకు కాళ్లు నిలవడం లేదు.

కరెంటు వచ్చింది. వాన వచ్చింది. తడిసిన చొక్కాతో మల్లికార్జున్ వచ్చాడు.

ముందుగది చివరిదాకా వచ్చి కూర్చున్నాడు. నీళ్లిస్తే గటగటా తాగాడు. గ్రేస్ గుండె కుదుటపడింది. దేవదానం కూడా చూశాడు.

ట్రే బల్ల మీదికి వచ్చింది. వెన్న ఇంకా చిటపటలాడుతోంది. రొయ్యలు ఎర్రగా మెలిపడ్డాయి. నిమ్మకాయ, ఎల్లిపాయ వాసన ఇల్లంతా నిండింది. పక్కన వేడన్నం, మామిడికాయ తొక్కు. పులుసు లేదన్న కోపం మరిచి రాహేలు కూడా ముక్కెగరేసింది.

"వడ్డించు బిడ్డా, పిలగానికి" అన్నాడు దేవదానం.

గ్రేస్ పెద్ద ముక్క తీసింది. మల్లికార్జున్ ప్లేటు మీద చేయి అడ్డం పెట్టాడు.

"వద్దు గ్రేస్. నేను... ఇప్పుడే తినొచ్చిన."

బయట వాన తగ్గుముఖం పట్టింది.

రాహేలుకే ముందు నోరు వచ్చింది. "చేప వద్దంటే పాయె. ఆలుగడ్డన్న తిను బిడ్డా. డ్యూటీ దిగినకాన్నుంచి నీకోసమే ఉరుకులాడుతాంది."

ఆలుగడ్డలు వంజరం రసంలో మునిగి మెరుస్తున్నాయి. మల్లికార్జున్ వాటిని చూశాడు. ప్లేటు మీంచి చేయి తీయలేదు.

"నిజంగనే కడుపు నిండుగున్నది ఆంటీ."

"ఆలుగడ్డకు కూడ అంటిందా?" అన్నాడు దేవదానం. గొంతు పెంచలేదు. "మంచిది. కడుపు నిండినోన్ని కూసోబెట్టుడు ఎందుకు? వాన తగ్గింది. పో."

"అంకుల్, అట్ల కాదు..."

"ఎట్లనో మాకు తెల్సు. చాన మందిని చూసిన."

మల్లికార్జున్ గ్రేస్ వైపు చూశాడు. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది. ఈ మాటలు ఆ ఇంట్లో ఎంత పాతవో అతనికి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదంటారు. గ్రేస్ ఆ రోజు అలా అనుకోలేదు.

"పో" అంది ఆమె కూడా.

అతను పోయాడు. ఎవరూ తినలేదు. గ్రేస్ ట్రే మీద ప్లేటు బోర్లించి ఫ్రిజ్‌లో తోసింది. ఫోన్ మోగింది. ఆపేసింది. మళ్లీ మోగింది. స్విచాఫ్ చేసింది. వాన మళ్లీ అందుకుంది. ఎటు తిరిగి పడుకున్నా చెవిలో అదే మాట. ఏడాది పాటు ఒకే ఆటోలో తిరిగిన మనిషి. బండి మీద మిర్చి బజ్జీ ఆమె చేతిలోంచి లాక్కుని తిన్న మనిషి. బజార్లో ఒక నోరు, ఇంట్లో ఒక నోరా?

తెల్లారింది. ఆమె డ్యూటీకి జడ వేసుకుంటుంటే గేటు చప్పుడైంది.

"అంకుల్, నిన్నటి చేప ఉన్నదా?"

దేవదానం తలుపు దగ్గరే నిలబడ్డాడు. పక్కకు జరగలేదు.

"మిరుగు నిన్న పోయింది."

"తెల్సు. నిన్న నేను అబద్దం చెప్పిన. తినొచ్చినన్నది అబద్దం. నిన్న సోమారం. మల్లన్నకు మొక్కుకున్న, సోమారం నీసు ముట్టనని. మూడు వారాలైంది."

గ్రేస్ సగం జడతో బయటికి వచ్చింది.

"అయితే ఆ మాట నిన్న నోట్లకెల్లి రాలేదా? మా ఇంట్ల అన్నం లేదా? తొక్కు లేదా? సోమారం అంటే మేం నిన్ను కొడ్తుంటిమా?"

"మీ ఇంట్ల మల్లన్న పేరెట్ల ఎత్తాల్నో తెల్వలె. ఎత్తితే దేనికి మొక్కినవంటరు. అది అసలే చెప్పలేను."

"ఇప్పుడు చెప్పు."

మల్లికార్జున్ చెప్పులు చూసుకున్నాడు. దేవదానాన్ని చూశాడు.

"అంకుల్ ఒప్పుకోవాల్నని."

రాహేలు వంటింట్లోంచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. నవ్వు ఆగలేదు. "మా ఆయన ఒప్పుకోవాల్నని మొక్కి, మా ఆయన పెట్టిన కూడు వద్దన్నవా? మల్లన్న గూడ తల పట్టుకోని ఉంటడు."

"ఎన్ని సోమారాలు?" అన్నాడు దేవదానం.

"మీరు ఒప్పుకునేదాక."

"నేను ఒప్పుకోకపోతే?"

"సచ్చేదాక సోమారం పప్పే, అంకుల్."

ఆయన కళ్లద్దాలు తీసి బనీనుకు తుడిచాడు. తుడిచి పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడిచాడు.

"మా యేసయ్యకు చెప్పుకుంటే జల్ది అవుతుండె" అన్నాడు. తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

గ్రేస్ జరగలేదు.

"ఇప్పుడే తినొచ్చిన. ఆ మాట ఎంతమంది అన్నరో ఎరుకనా నీకు? మా అమ్మ పోసిన నీళ్లు తాగకుంట, మా డాడీ తోటి పనిచేసిన దోస్తులే అన్నరు. నువ్వు గూడ గదే మాట ఏరుకోని అన్నవ్."

మల్లికార్జున్ ముఖంలో రంగు పోయింది. ఈసారి అతనికి అర్థమైంది. దేవదానం నిన్న ఎందుకు అంత నెమ్మదిగా పొమ్మన్నాడో కూడా అర్థమైంది.

"తెల్వదు, గ్రేస్."

"తెల్వకపోతే అడగాలె."

"అడగలె. తప్పే."

ఇంకేదో చెబుతాడని ఆమె చూసింది. చెప్పలేదు. వంక పెట్టలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నిన్న కూర్చున్న చోటే కూర్చున్నాడు.

ఆమె ఫ్రిజ్ తీసింది. ట్రే తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టింది. వెన్న తెల్లగా గడ్డకట్టింది. ఆలుగడ్డలు ముడుచుకుపోయాయి.

"వేడి చెయ్యను" అంది.

"వద్దు."

మల్లికార్జున్ వంజరం ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రొయ్య తిన్నాడు. అది ఫ్రిజ్‌లో రబ్బరైంది. నమిలాడు. నమిలి మింగాడు. అడుగున అంటిన ఆలుగడ్డను గోటితో గీకి తీసుకున్నాడు. రాహేలు తల తిప్పుకుంది. చల్లటి చేప తినేవాణ్ని చూడడం ఆమె వల్ల కాదు.

దేవదానం ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. చేయి చాచి అదే ట్రేలోంచి ఒక ఆలుగడ్డ తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు తక్కువున్నది."

"అవునంకుల్."

"అవునంటవేంది? నా బిడ్డ వండింది."

"కాదంకుల్. సరిపోయింది."

"మీ అమ్మను ఎప్పుడు తోల్కొస్తవ్?"

మల్లికార్జున్ చేతిలో రొయ్య ఆగిపోయింది. ఆదివారమనబోయి గ్రేస్ ముఖం చూశాడు. చర్చి గుర్తొచ్చింది. "మీరు ఎప్పుడంటే అప్పుడు. సోమారమైనా సరే, ఇగ నాకు మొక్కు లేదు గద?"

"తీరినట్టేనా ఏందయ్యా, ఒక్క ఆలుగడ్డకే?" అన్నాడు దేవదానం. మూతి మాత్రం ఆయన మాట వినలేదు.

గ్రేస్ ఇంకా నిలబడే ఉంది. డ్యూటీకి టైమవుతోంది. జడ సగమే అయింది. మల్లికార్జున్ ఇంకో రబ్బరు రొయ్యను నోటి దాకా తీసుకుపోయాడు. దవడ నొస్తున్నట్టుంది. వద్దనడం లేదు.

ఆమె అతని చేతిలోంచి రొయ్య లాక్కుంది. ట్రే కూడా లాక్కుంది.

"ఏమైంది? నేను తింటనే ఉన్న గద."

గ్రేస్ వంటింట్లోకి నడిచింది. ట్రే మీద నిమ్మకాయ పిండింది, చిటికెడు ఉప్పు చల్లింది. ఓవెన్‌లోకి తోసి మర తిప్పింది. లోపల ఎర్ర వెలుగు లేచింది.

"డ్యూటీకి లేటైతది గ్రేస్."

"కానీ. వేడిగ తినిపో."