పేరు లేని విమానం పిలుపు

విమానం ఒక కంపెనీ చేతిలోంచి ఇంకో కంపెనీ చేతికి పోయేటప్పుడు, తోక దగ్గరున్న పాత అక్షరాలు పీకేస్తారు. కొత్త చోటు చేరేదాకా ఉండాలని స్టిక్కర్లతో వేరే అక్షరాలు అంటిస్తారు. ఆ అక్షరాలే దానికి పేరు. అంటించేవాణ్ణి నేను. స్టిక్కర్లు కోసేది మా మేస్త్రి గారి కూతురు.

మొదటి రోజే తగువు.

"ఓ నిచ్చెన మీది మహానుభావా! ఆ అక్షరం తలకిందులుగా ఉంది."

చూశాను. నిజమే. "బాగానే ఉంది," అన్నాను.

"అవును, గబ్బిలాలకి బాగానే ఉంటుంది."

పీకి మళ్ళీ అంటించాను. ఆమె నవ్వు షెడ్డంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. అప్పట్నుంచి నా పని ఆలస్యమవడం మొదలైంది.

మా షెడ్డులో ఓ కట్టుబాటు ఉంది. పాతవి పీకి కొత్తవి అంటించేలోపు విమానానికి పేరుండదు. అప్పుడది పేర్లకోసం వెతుక్కుంటుందట. దొరికిన పేరు పట్టుకుని పిలుస్తుందట. పలికినవాళ్ళు దానితోపాటే పోతారట. అందుకే షెడ్డులో ఎవరూ ఎవరికీ పేరు చెప్పరు. ఆయన మేస్త్రి. నేను జిగురు. ఆమె కత్తెర.

ఆ వానాకాలం ఓ పెద్ద విమానం వచ్చింది. ఒళ్ళంతా తెల్ల పెయింటు. లోపల సీట్లు కూడా లేవు.

"దీంతో నేనూ పోతున్నా," అంది కత్తెర. "కొత్త కంపెనీ వాళ్ళు అక్కడ పనిస్తామన్నారు. ఆఖరి అక్షరం పడగానే ప్రయాణం."

"ఓహో."

"ఓహోనా? అంతేనా?"

అంతే. నిచ్చెనెక్కాను.

వాన పెద్దదైంది. తలుపులోంచి జల్లు కొట్టి తోక తడిసింది. తడిసిన చోట, పెయింటు కిందనుంచి, పీకేసిన పాత అక్షరాలు లేచాయి. ఒంటిమీద వాతల్లా. గుడ్డతో తుడిచాను. పోయాయి. మళ్ళీ వచ్చాయి.

అప్పుడు విమానం లోపల్నుంచి నా పేరు వినబడింది. కత్తెర గొంతు. మెల్లగా, ముద్దుగా.

పలకబోయి కిందికి చూశాను. ఆమె నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు పిలిచావా?" అంది.

"లేదు."

"లోపల్నుంచి... నీ గొంతు. నా పేరు."

నిచ్చెన మీంచి కిందికి వంగాను. "పలికావా?"

"పలికేదాన్నే. చూస్తే నువ్విక్కడే ఉన్నావు, నోరు మూసుకుని. నన్ను పిలిచేంత ధైర్యం నీకెక్కడిదని ఆగిపోయా."

లోపల ఎవరో నడిచిన చప్పుడు. కిటికీ రెక్కలన్నీ పొద్దున నేనే మూశాను. మా ఎదురుగా ఒకటి నెమ్మదిగా పైకి లేచింది. వెనక చీకటి తప్ప ఏమీ లేదు.

మళ్ళీ పిలుస్తుంది. నా గొంతుతోనే పిలుస్తుంది. ఆ లోపు నేనే పిలవాలి.

"పోవద్దు," అన్నాను. "నాతో ఉండు."

"ఆ ముక్క అనడానికి దెయ్యం సాయం కావాల్సొచ్చిందా?" ఆమె ఏడుస్తూ నవ్వింది. "ముందు అంటించు!"

విమానం ముక్కు వైపునుంచి మేస్త్రి గారి కేక. "ఒరేయ్ జిగురూ! అంటించి దిగు. మిగతాది ఇంటికొచ్చి మాట్లాడు!"

తోక పొడిగా తుడిచి, ఆఖరి అక్షరం అరచేత్తో అదిమాను. లోపల చప్పుడు ఆగింది.

దిగి ఆమె చెవిలో నా పేరు చెప్పాను. ఆమె నా చెవిలో తన పేరు చెప్పింది.

విమానం ఆమె లేకుండానే పోయింది.

ఇప్పుడిద్దరం ముసలివాళ్ళం. వానలో ఇంటిమీదుగా విమానం పోతే, ఒక్కోసారి వంటింట్లోంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. ఆమె నా పక్కనే కూచుని ఉంటుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది.

"పలక్కు," అంటుంది.

"నేనెప్పుడు పలికాను గనక," అంటాను.