సెటప్ గైడ్‌లో ముంగిస

“విషం కోడ్‌లో ఉంది. దాన్ని ఊరంతా మోసేది మాత్రం సెటప్ గైడ్,” అన్నాడు చీఫ్.

ముంగిస అనే కోడ్‌నేమ్ ఉన్న ఏజెంట్ తలూపాడు. ఒక విదేశీ ముఠా సాఫ్ట్‌వేర్ కంపెనీ ముసుగులో ఉచిత స్టార్టర్ కిట్ తయారు చేసింది. కొత్త వెబ్ అప్లికేషన్ మొదలుపెట్టేవాళ్ళు ఆ కిట్ తీసుకుంటారు, గైడ్‌లో ఉన్న కమాండ్లు కళ్ళు మూసుకుని పేస్ట్ చేస్తారు. అంతే, ఆ సిస్టమ్ తాళంచెవి ముఠా చేతికి వెళ్తుంది. శుక్రవారం మధ్యాహ్నం రిలీజ్. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాలు ఆ కిట్ కోసం ఎదురుచూస్తున్నాయి.

లోపల మన మనిషి ఒకామె ఉందని, పేరు పగడమని చెప్పాడు చీఫ్. ముంగిస నుంచి రోజువారీ సిగ్నల్ రాకపోతే కమాండోలు బయలుదేరతారని కూడా చెప్పాడు.

దళసరి కళ్ళద్దాలు, నెరిసిన విగ్గుతో ముంగిస గైడ్ రాసే ఉద్యోగంలో చేరాడు. రిలీజ్ రోజు పొద్దున పగడం కనిపించింది. ఆమె పట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ నడుస్తుంటే కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

“ప్రింటర్‌లో కాగితం అయిపోయిందా?” అన్నాడు ముంగిస.

“ఇంకు కూడా అయిపోయింది,” అందామె. కోడ్ సరిపోయింది. మాట్లాడుకుందామని మీటింగ్ రూమ్‌లోకి తీసుకెళ్ళింది. వెనక తలుపు లాక్ పడింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. మన మనిషి ఎప్పుడో ముఠాకి అమ్ముడుపోయింది.

చొక్కా గుండీలో ఉన్న ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. గోడల్లో లోహపు వల ఉంది, సిగ్నల్ చచ్చిపోయింది. కిటికీ లేదు. ముంగిస కాస్తా కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు.

గైడ్ సగంలో ఉంది. పదిమంది ఇంజినీర్లున్నా ఒక్కడికీ రాయడం రాదని విసుక్కుంటూ పగడం ల్యాప్‌టాప్ అతని ముందుకు తోసింది. పూర్తి చెయ్యమంది. రహస్య సందేశం ఒక్క ముక్క కనిపించినా కాల్చేస్తానంది.

చెమట కళ్ళల్లోకి కారుతుంటే రాశాడు. ఆమె అక్షరం అక్షరం చదివింది. కమాండ్లన్నీ తన మెషీన్‌లో వరసగా రన్ చేసి చూసింది. అప్లికేషన్ చక్కగా తెరుచుకుంది. రిలీజ్ బటన్ నొక్కింది.

కాసేపటికి బయట హాల్లో ఫోన్లు మొదలయ్యాయి. గైడ్‌లో చెప్పినట్టే చేసినా కిట్ ఎక్కడా ఎక్కడం లేదట. ఇంజినీర్లు పరుగెత్తారు. వాళ్ళ మెషీన్లలో మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు. సిగ్నల్ అందని కమాండోలు దారిలో ఉంటారు, వాళ్ళొచ్చేదాకా ఈ గోల సాగితే చాలు. ముంగిస ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

పగడం ముఖం పాలిపోయింది. పిస్టల్ అతని కణతకు ఆనించింది. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంటోంది.

తలుపు బద్దలైంది. ముందు దూసుకొచ్చిన కమాండో దెబ్బకు పిస్టల్ ఎగిరిపడి, గుండు సీలింగ్‌లో దిగింది. ముంగిస కుర్చీలోంచి లేచాడు.

బేడీలతో వ్యాన్ ఎక్కబోతూ పగడం ఆగింది. “మూడుసార్లు చదివాను. ఏ లైన్లో దాచావు?”

“కిట్ నడవడానికి కావలసిన కోడ్ లైబ్రరీలు మీ సర్వర్ నుంచి తెచ్చుకోమని చెప్పే లైన్ రాయలేదు మేడమ్. మీ ఆఫీసు మెషీన్లలో అది ముందే సెట్ చేసుంది. బయటివాళ్ళకు ఎలా తెలుస్తుంది?”

ఆమె పళ్ళు కొరికింది.

“గైడ్ బాలేదని నన్ను తిడుతూ అప్పుడే రెండొందల మెయిల్స్ వచ్చాయి,” అన్నాడు ముంగిస విగ్గు తీస్తూ. “ఇంత పేరు నాకెప్పుడూ రాలేదు.”